గోడా, ఉప్పు తగ్గిందని చెప్పు

నేను రాయబోయేదంతా అక్షరాలా నిజం. నమ్మకపోతే రేపల్లె గంగానమ్మ గుడి ముందు అరచేతిలో కర్పూరం వెలిగించి ఆర్పమన్నా ఆర్పుతాను. తడిబట్టలతో నిలబడి చెప్పమన్నా చెబుతాను. మా బంధువుల్లో నా మాటకున్న విలువ ఏపాటిదో నాకు తెలుసు. నేను వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకునే మనుషులు వాళ్ళు. అయినా ఈసారి మాత్రం ఒట్టు. కోపంలో ఉన్నవాడికి అబద్ధం ఆడే తీరిక ఉండదు. నేనిప్పుడు పీకల్దాకా కోపంలో ఉన్నాను.

కారణం మా వంటింట్లోనే ఉంది. తెనాలిలో మేముండే ఈ ఇంట్లో హాలుకీ వంటింటికీ మధ్య గోడ పడగొడుతున్నారు. పొద్దున్నే మేస్త్రి మిషను పట్టుకుని దిగాడు. పళ్ళ డాక్టరు పిప్పిపన్ను మీద పనిచేస్తున్నట్టు ఇల్లంతా గుర్రుమంటోంది. కాఫీలో దుమ్ము, ఇడ్లీ మీద దుమ్ము, దేవుడి పటాల మీద దుమ్ము. సోఫాకి కప్పిన పాత దుప్పటి మీద కూర్చుని, ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఇది రాస్తున్నాను.

గోడ తియ్యాలన్నది మా కోడలు. పెళ్ళై వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మంచి పిల్ల.

"మామయ్యగారూ, ఈ గోడ తీసేస్తే ఎంత ఫ్రీగా ఉంటుందో చూడండి. నేను వంట చేసుకుంటూ మీతో కబుర్లు చెప్పొచ్చండి" అంది.

"గోడుంటే చెప్పలేవా అమ్మా?"

"గోడకి అవతలున్న వాళ్ళతో ఎవరైనా కబుర్లు చెబుతారా అండీ?" అని నవ్వింది.

ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు. ఎప్పుడో పోయిన మా నాన్న మీద. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఆ మాట అన్నవాళ్ళ నాన్నలు బహుశా ఏ గోడా పడగొట్టి ఉండరు.

చెబుతారమ్మా, కబుర్లు చెబుతారు. గోడ ఉంటేనే మాట్లాడుకున్న మనుషుల్ని నేను చూశాను.

రేపల్లెలో మా ఇల్లు రైలు పట్టాలకి అవతల ఉండేది. పెంకుటిల్లు. ముందు వసారా, తర్వాత నడిమిల్లు, వెనక వంటిల్లు. నడిమింటికీ వంటింటికీ మధ్య మట్టిగోడ. దాని మందం ఎంతంటే, ఒకసారి ఒక దొంగ పెరటి తలుపు తీసుకుని వంటింట్లో దూరి, మధ్య తలుపు గడియ పెట్టి ఉండటంతో, నడిమింట్లో ఉన్న భోషాణం కోసం ఆ గోడకి కన్నం వెయ్యడం మొదలుపెట్టాడు. తెల్లారేసరికి సగం గోడ కూడా దాటలేక, గునపం పక్కన పెట్టుకుని కూలబడి ఉన్నాడు. మా అమ్మ జాలిపడి చద్దన్నంలో గోంగూర పచ్చడి కలిపి పెట్టింది. తిని, చెయ్యి కడుక్కుని, ఆ కన్నం వాడే మట్టితో పూడ్చి మరీ వెళ్ళాడు. ఇదీ నిజమే.

ఆ గోడ దూలాన్ని మోసేది గానీ కప్పుని అంటేది కాదు. పైన పెంకులకీ గోడకీ మధ్య జానెడు సందు ఉండేది. అటునుంచి మా అమ్మ వేసిన పోపు ఘాటు ఇటు వచ్చేది. ఇటునుంచి మా తాత కాల్చిన చుట్ట పొగ అటు వెళ్ళేది. ఇద్దరూ ఒకేసారి తుమ్మేవాళ్ళు.

తాత కాలవల మీద లస్కరుగా చేసి మానేసినవాడు. లస్కరంటే తూముల దగ్గర తలుపులెత్తి నీళ్ళు వదిలి, మళ్ళీ దించే మనిషి. జీవితమంతా ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీదివాళ్ళతో మాట్లాడాడు. అందుకని ఆయన గొంతు ఎదురుగా కూర్చున్నవాళ్ళకి పెద్దగానూ, అవతలివాళ్ళకి సరిగ్గానూ ఉండేది. నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది. తాత మంచం ఆ గోడకి ఆనించి ఉండేది. గోడకి అవతల, సరిగ్గా ఆ మంచానికి ఎదురుగా, మా అమ్మ రుబ్బురోలు.

ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో కోడలు మామగారికి ఎదురు నిలబడి మాట్లాడకూడదు. ఎదురైతే పక్కకి తప్పుకోవాలి. ఏదన్నా చెప్పాల్సి వస్తే పిల్లాడితో చెప్పించాలి. లేదా గోడకి చెప్పుకోవచ్చు. అందులో తప్పు లేదు. గోడకి చెబుతోంది, పక్కన ఆయన ఉన్నాడంతే. విన్నాడంటే అది ఆయన చెవుల ఇష్టం.

"గోడా, ఇవాళ బచ్చలికూర పులుసు పెట్టాను. ఉప్పు సరిపోయిందో లేదో కనుక్కో" అనేది అమ్మ.

"గోడా, ఉప్పు తగ్గిందని చెప్పు. పులుసు మాత్రం బ్రహ్మాండం. ఎవరు నేర్పారో అడుగు" అనేవాడు తాత.

"మా అమ్మే. బాపట్లలో మా పెరట్లో బచ్చలి పాదు పందిరంతా ఉండేదని చెప్పు. ఇక్కడి బచ్చలికి ఆ జిగురేదీ?"

"బాపట్ల ఇసకలో బచ్చలి మొలవడమే గొప్ప. పందిరంతా అంట! కోతలు కొయ్యొద్దని చెప్పు గోడా."

"నేనేం కోతలు కొయ్యటంలా. కావాలంటే వెళ్ళి చూసుకోమను. రైలు చార్జీ నేనిస్తా."

ఇలా పప్పు నానిన దగ్గర్నుంచి పిండి అయ్యేదాకా సాగేది. వేమూరు వైపు నీళ్ళు సరిగా వెళ్తున్నాయా లేదా, బాపట్లలో అమ్మ చదివిన స్కూల్లో లెక్కల పంతులమ్మ ఎలా తిట్టేది, నాయనమ్మ చేసే అరిసెలు ఎందుకు విరిగేవి, అన్నీ ఆ గోడకి తెలుసు. ప్రతి రోజూ మాట ఉప్పుతోనే మొదలయ్యేది. ఇంట్లో అందరి కూరల్లోనూ ఉప్పు సరిగ్గా ఉండి, తాత గిన్నెలోనే ఎందుకు తగ్గేదో నాకు చాలాకాలం తెలియలేదు. అమ్మ కావాలనే తగ్గించేది. ఉప్పు తగ్గకపోతే మామగారు ఏం మాట్లాడతాడు పాపం!

నేనూ ఆ గోడని వాడుకున్నాను. ఒకరోజు అమ్మ గారెలు వండుతోంది. ఇంట్లో గారెల వాసన, నోట్లో కాలవ. తాత వసారాలో కునుకు తీస్తున్నాడు. నేను ఆయన మంచమెక్కి, గొంతు బొంగురు చేసి, "గోడా, రెండు గారెలు పంపించమను" అన్నాను. గుమ్మంలోకి గిన్నె వచ్చింది. తిన్నాను. "గోడా, ఇంకో రెండు." మళ్ళీ వచ్చాయి. మూడోసారి అడిగేసరికి అవతలనుంచి అమ్మ, "గోడా, మామగారికి రొంప పట్టినట్టుంది. గొంతు బాగా సన్నబడింది. గారెలు అరగవు, మిరియాల కషాయం పంపిస్తున్నాను. పూర్తిగా తాగకపోతే వీపు మీద రాస్తానని చెప్పు" అంది. నిండు గ్లాసు తాగాను. వసారాలో తాత నిద్రపోవడం లేదని, ఆయన పొట్ట ఊగడం చూశాక అర్థమైంది.

ఇక మా నాన్న సంగతి. తెనాలిలో ఒక రైసు మిల్లులో గుమాస్తా. పొద్దున పాసింజరుకి వెళ్ళి సాయంత్రం పాసింజరుకి వచ్చేవాడు. తాతకీ ఆయనకీ మధ్య ఏ గోడా లేదు, ఏ నిషేధమూ లేదు. ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళు. మాట మాత్రం ఉండేది కాదు. "తిన్నావా?" "ఊఁ." "రైలు లేటా?" "ఆఁ." అంతే. అమ్మతోనూ అంతే. ఒక సాయంత్రం చెప్పులు విప్పుతూ వసారాలో ఆగిపోయి, లోపల గోడకి అటూ ఇటూ ఇద్దరూ విరగబడి నవ్వుతుంటే విన్నాడు. ఆయన అడుగు లోపల పడగానే నవ్వు ఆగిపోయింది. అప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నాకింకా గుర్తే. ఆ మొహం ఈ వయసులో నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గాలని ఎక్కడా రాసిపెట్టి లేదు.

ఆ వేసవిలో మా వీధికి ఒకావిడ వచ్చింది. చేతిలో గొడుగు, భుజాన సంచీ. వీధిలో బాలవాడి పెడుతున్నారట, చిన్నపిల్లలకి పాటలు, అక్షరాలు నేర్పడానికి టెన్త్ పాసైన ఆడమనిషి కావాలట. వీధి వీధంతా మా ఇల్లు చూపించింది. టెన్త్ పాసైంది మా అమ్మ ఒక్కతే.

"ఆలోచించుకోండమ్మా. ఆదివారం మళ్ళీ వస్తాను. ఏ సంగతీ అప్పుడు చెబుదురుగాని" అని ఆవిడ వెళ్ళింది.

నాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఊళ్ళో పిల్లల ముక్కులు తుడిచే ఉద్యోగం మనకెందుకు? నేను తెచ్చేది చాలటంలా?"

మర్నాడు మధ్యాహ్నం అమ్మ రోలు దగ్గర కూర్చుంది. పప్పు వెయ్యలేదు. ఉత్త రోలు ముందే కూర్చుంది.

"గోడా, ఒక మాట అడగాలి. ఉప్పు సంగతి కాదు."

ఇవతల మంచం కిర్రుమంది. "అడగమను."

"నాకు వెళ్ళాలనుంది. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను. వంట ముందే చేసి పెడతాను. ఎవరికీ ఏ లోటూ రానివ్వను. నాకు..." గాజులు చప్పుడయ్యాయి. "నాకు ఆ పాటలన్నీ ఇంకా వచ్చని చెప్పు గోడా."

తాత చుట్ట వెలిగించాడు. పొగ సందులోంచి అవతలికి పోయింది.

"గోడా, అమ్మాయికి చెప్పు. తూము తలుపులు ఎత్తడం నాకు తెలుసు. మావాణ్ణి ఎత్తడమే కష్టం. అయినా నేను మాట్లాడతా. ఆదివారం లోపల మాట్లాడతానన్నానని చెప్పు."

అవతల రోట్లో పప్పు పడింది. పొత్రం తిరగడం మొదలైంది. దానికి తోడు అమ్మ ఏదో పిల్లల పాట సన్నగా పాడింది. నేను నడిమింట్లో బొంగరానికి తాడు చుట్టుకుంటూ, మా అమ్మ టీచరైతే నన్ను కొట్టే హక్కు ఇంకెంత పెరుగుతుందోనని దిగులు పడుతున్నాను. అప్పుడు చూశాను. వసారాలో నాన్న. మిల్లులో కరెంటు పోయి ముందు రైలుకి వచ్చేశాడు. ఒక చెప్పు విప్పి, ఒకటి కాలికే ఉంచుకుని నిలబడ్డాడు. విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున మేస్త్రిని తీసుకొచ్చాడు.

"ఇల్లు ఇరుగ్గా ఉంది. తెనాలిలో మా ఓనరుగారి హాల్లో గుర్రప్పందేలు పెట్టొచ్చు. మనం అగ్గిపెట్టెలో ఉంటున్నాం. ఈ గోడ తీసేస్తే గాలీ వెలుతురూ వస్తాయి."

"గోడ జోలికెందుకురా?" అన్నాడు తాత. నాన్నతో ఆయన అంత పొడుగు మాట అనగా నేను మొదటిసారి విన్నాను.

"నీకు తెలీదులే నాన్నా."

తెలీదట! ఆ గోడ గురించి తాతకి తెలీదట! ఇన్నేళ్ళ తర్వాత రాస్తుంటే కూడా కలం నొక్కి కాగితం చింపేశాను.

దూలం కింద తాటి మొద్దు పోటు పెట్టి, గునపాలతో దిగారు. అమ్మ ఆవకాయ జాడీలు పెరట్లో పెట్టుకుని వాటి మధ్య కూర్చుంది. పెళ్ళ ఊడినప్పుడల్లా ఇంగువ వాసన వేసింది. గోడలోంచి, నిజంగా గోడలోంచి! ఎన్నేళ్ళ పోపులు పీల్చుకుందో అది. ఆ వెనకే చుట్ట వాసన. సాయంత్రానికి నడిమిల్లూ వంటిల్లూ ఒకటైపోయాయి. నాన్న మధ్యలో నిలబడి చేతులు చాపి, "ఇప్పుడు ఇల్లంటే ఇల్లులా ఉంది" అన్నాడు.

ఇల్లంతా వెలుతురే. ఆ వెలుతుర్లో ఇటు మంచం మీద తాత, అటు రోలు దగ్గర అమ్మ. మధ్యలో ఏమీ లేదు. అమ్మ చటుక్కున లేచి పెరట్లోకి పోయింది. తాత మంచం తిప్పుకుని వీధి వైపు మొహం పెట్టుకున్నాడు. మర్నాటినుంచి అమ్మ వీపు తిప్పి వండేది. వేరే గోడలు లేవా అంటారేమో. ఉన్నాయి. కానీ గోడ మధ్యలో ఉంటేనే గోడ. ఒకరికొకరు కనపడుతూ పక్కగోడకి చెబితే అది మాట్లాడటమే అవుతుంది.

నేను తాత మంచాన్ని ఎత్తి నిలువుగా నిలబెట్టి, దాని వెనక దాక్కుని, "అమ్మా, గోడ తెచ్చా, చెప్పు" అన్నాను. అమ్మ రెండడుగులు వేసింది కూడా. నాన్న వచ్చి మంచం లాగి పడేశాడు. "ఇంట్లో పీనుగ లేచినప్పుడు నిలబెడతార్రా మంచం! బుద్ధుందా?" అన్నాడు. పీనుగ అప్పటికే లేచిందని నాకు చెప్పాలనిపించింది. అప్పుడు ఇంత మాట రాలేదు.

పోనీ నేనే మోస్తానని అమ్మ మాట పట్టుకుని తాత దగ్గరికి వెళ్ళాను. "పోరా. గారెలు అడిగిన గొంతుతో ఉద్యోగం అడిగితే మీ నాన్న నమ్ముతాడా?" అన్నాడు. నవ్వలేదు.

కానీ ఆయన మాట తప్పే మనిషి కాదు. శనివారం అన్నం దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"ఒరే, ఆ బాలవాడి సంగతి..."

నాన్న ముద్ద కలపడం ఆపాడు. "ఏ బాలవాడి? నీకెవరు చెప్పారు?"

తాత పొయ్యి వైపు చూడబోయి తల తిప్పుకున్నాడు.

"దానికి వెళ్ళాలనుందని నీకెవరు చెప్పారు నాన్నా? అది నీతో మాట్లాడిందా?"

అమ్మ పొయ్యి దగ్గర కదలకుండా నిలబడింది. అవునంటే మా అమ్మ మామగారితో మాట్లాడిన కోడలైపోతుంది. గోడ చెప్పిందనడానికి గోడ లేదు. నాన్న తెచ్చిన ప్రశ్న చూశారా! ఏ వకీలూ ఇంత నున్నగా వెయ్యలేడు. తాత అన్నంలో నీళ్ళు పోసుకుని లేచాడు.

ఆదివారం గొడుగావిడ వచ్చింది. కొత్త హాల్లో కుర్చీ వేశారు. పక్కన నాన్న పేపరు చదువుకుంటున్నాడు. ఆవిడ మజ్జిగ తాగుతూ, "ఏమ్మా, ఏం ఆలోచించుకున్నారు?" అంది. అమ్మ ఒకప్పుడు గోడ ఉన్నచోటు వైపు చూసింది. నాన్న, "మావాళ్ళకి కుదరదండి" అన్నాడు.

అప్పుడు తాత లేచాడు. ఏనాడూ అక్షరం ముక్క చదవని తాత, నాన్న చేతిలోంచి పేపరు ఫెళ్ళున లాక్కున్నాడు. మొహానికి అడ్డంగా రెండు చేతులా విప్పాడు. తలకిందులుగా. నాయకుల కాళ్ళు పైన, తలలు కింద. కాలవ అవతలి గట్టుకి వినపడే గొంతుతో అన్నాడు:

"పేపరా! ఉద్యోగానికి వెళ్తుందో లేదో అమ్మాయినే అడుగు!"

అమ్మ ముందుకొచ్చింది. "పేపరా, వెళ్తానని చెప్పు. రేపట్నుంచే వెళ్తానని చెప్పు."

గొడుగావిడ మజ్జిగ పొలమారేదాకా నవ్వి, అక్కడికక్కడే అమ్మ పేరు రాసుకుంది. ఆ రోజునుంచి మా ఇంటికి రోజూ పేపరు వచ్చింది. తాత దాన్ని రోజూ తలకిందులుగా పట్టుకుని కోడలితో ఉప్పు సంగతి మాట్లాడాడు. రేపల్లెలో సగం మంది అక్షరాలు మా అమ్మ దగ్గరే దిద్దారు.

ఇదంతా ఇందాక టీ తాగే టైములో మా కోడలికీ మేస్త్రికీ చెప్పాను. మేస్త్రి మిషను ఆపి మరీ విన్నాడు. కోడలు కళ్ళు తుడుచుకుంది. నేను గెలిచాననుకున్నాను.

"ఎంత బావుందండీ మామయ్యగారూ! చూశారా మరి, గోడ తీసేసినా వాళ్ళు మాట్లాడుకున్నారుగా!" అంది. తర్వాత మేస్త్రి వైపు తిరిగి, "కానివ్వండి బాబాయ్" అంది.

మిషను మళ్ళీ మొదలైంది.

నా నోరే నా గోడ పడగొట్టింది. అందుకని ఆ పిల్లకి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. కర్పూరం ఎవరూ వెలిగించకండి. చద్దన్నం తిన్న దొంగని నేనే పుట్టించాను. దొంగ పోతే పోయాడు. పేపరు కూడా అబద్ధం.

ఆ ఆదివారం నాన్న "కుదరదండి" అన్నాక తాత గొంతు సవరించుకున్నాడు. చెయ్యి భుజం మీది తువ్వాలు దాకా వెళ్ళింది. అంతే, అక్కడే ఆగింది. అమ్మ గోడ ఉన్నచోటు వైపే చూస్తూ నిలబడింది. ఆవిడ మజ్జిగ తాగి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. పక్క వీధినుంచి ఎవరినో తెచ్చుకున్నారు. తాత పోయేదాకా ఆ ఇద్దరి మధ్యా మళ్ళీ ఒక్క మాట నడవలేదు. చాలా ఏళ్ళుగా ఈ కథ చెప్పినప్పుడల్లా తాత చేతికి ఏదో ఒకటి ఇస్తున్నాను. ఒకసారి చేట ఇచ్చాను, ఒకసారి గొడుగావిడ గొడుగే లాక్కుని ఇచ్చాను. పేపరు బాగా కుదిరింది.

మిగిలిందంతా నిజం. ఇదొక్కటి ఎవరికీ చెప్పలేదు, ఇదీ నిజమే: గోడ పోయాక కూడా అమ్మ తాత గిన్నెలో ఉప్పు తగ్గించడం మానలేదు. రోజూ వీపు తిప్పి నిలబడి, చెవి మాత్రం ఇటు పెట్టి ఎదురుచూసేది. ఆయన వీధి వైపు తిరిగి, ఆ చప్పిడి కూర చివరి మెతుకుదాకా తినేవాడు.